నూట యాభై యూనిట్లు ఎక్కడికి పోయాయి? ఒక కార్డ్ కౌంటర్ కేసు

బ్లాక్‌జాక్‌లో, అంటే 21 దాటకుండా డీలర్ కంటే ఎక్కువ తెచ్చుకోవాల్సిన కేసినో పేకాటలో, కార్డులు లెక్కపెట్టి ఆడేవాళ్లకు రిస్క్, రాబడి లెక్కలు చూసిపెట్టడం నా పని. అంతకుముందు చాలా ఏళ్లు నేనూ ఆడాను. ఈ కేసు రాయడానికి ఆటగాడు ఒప్పుకున్నాడు. అతని పేరు, ఆడిన చోట్లు, నిజమైన మొత్తాలు తీసేశాను. డబ్బంతా యూనిట్లలో చెబుతాను. ఒక యూనిట్ అంటే అతను ఆడే టేబుల్ మీద పెట్టగలిగిన అతి చిన్న బెట్. ఇందులో అతని పొరపాటుతో పాటు నా పొరపాటు కూడా ఉంది. రెండూ ఒకే చోట పుట్టాయి కాబట్టే దీన్ని పూర్తిగా రాయాలనిపించింది.

నేపథ్యం

అతనికి స్థిరమైన ఉద్యోగం ఉంది. సెలవు రోజుల్లో కేసినోలకు ప్రయాణం చేసి ఆడేవాడు. వాడేది హై-లో పద్ధతి. 1963లో హార్వీ డబ్నర్ దీన్ని ముందుకు తెచ్చాడు, తర్వాత జూలియన్ బ్రాన్ కంప్యూటర్ లెక్కలతో మెరుగుపరిచాడు. రెండు నుంచి ఆరు వరకు ఏ కార్డు కనిపించినా ఒకటి కలపాలి. పది, బొమ్మ కార్డులు, ఏస్ కనిపిస్తే ఒకటి తీసేయాలి. ఏడు, ఎనిమిది, తొమ్మిది లెక్కలోకి రావు. ఇలా నడిచే రన్నింగ్ కౌంట్‌ను మిగిలిన డెక్కుల సంఖ్యతో భాగిస్తే ట్రూ కౌంట్ వస్తుంది. అది ఎక్కువైతే మిగిలినవాటిలో పదులు, ఏస్‌లు ఎక్కువని అర్థం, అది ఆటగాడికి లాభం. ట్రూ కౌంట్ ఒకటి పెరిగితే ఆటగాడి ఎడ్జ్, అంటే బెట్ మీద సగటున వచ్చే లాభ శాతం, సుమారు అర శాతం పెరుగుతుంది.

అతను ఆడే టేబుళ్లలో ఆరు డెక్కుల షూ (కార్డులు పంచే పెట్టె), అందులో నాలుగున్నర డెక్కులు పంచాక మళ్లీ కలిపేస్తారు. డీలర్ సాఫ్ట్ 17 (ఏస్‌ను 11గా లెక్కేసిన 17) దగ్గర ఆగుతాడు, స్ప్లిట్ (జతను రెండు హ్యాండ్లుగా విడదీయడం) చేశాక డబుల్ (బెట్ రెండింతలు చేసి ఇంకొక్క కార్డు తీసుకోవడం) చేయొచ్చు, బ్లాక్‌జాక్‌కు, అంటే మొదటి రెండు కార్డుల్లోనే ఏస్, పది విలువ కార్డు వస్తే, 3కి 2 చొప్పున, అంటే పెట్టిన ప్రతి 2కి 3 చెల్లిస్తారు. ఇవి మంచి రూల్సే. కౌంట్ చేయకుండా బేసిక్ స్ట్రాటజీతో, అంటే ప్రతి హ్యాండ్‌కూ లెక్కల ప్రకారం సరైన ఎత్తుతో, ఆడితే కేసినోకు సుమారు 0.4 శాతం ఎడ్జ్ ఉంటుంది.

మొదలుపెట్టినప్పుడు అతని దగ్గర 400 యూనిట్లు ఉన్నాయి. నన్ను కలిసేనాటికి 300 గంటలు ఆడాడు. గంటకు సుమారు 80 హ్యాండ్ల చొప్పున 24,000 హ్యాండ్లు అయ్యాయి. చేతిలో 250 మిగిలాయి.

సమస్య

"సార్, కౌంటింగ్ పనిచేయడం లేదు, లేదంటే నన్ను మోసం చేస్తున్నారు. రెండిట్లో ఏదో తేల్చండి" అన్నాడు. ఉద్యోగం మానేసి పూర్తిగా ఇదే చేద్దామని అనుకుంటున్నాడట. అందుకే తేల్చుకోవాలన్న తొందర. మనిషిలో టెన్షన్ కనబడుతోంది. రాత్రిళ్లు షూ తర్వాత షూ కలలోకి వస్తోందని చెప్పాడు.

ముందు నైపుణ్యం చూశాను. అది చూడకుండా లెక్కల్లోకి దిగడం దండగ. ఒక డెక్ మొత్తాన్ని పాతిక సెకన్లలోపు తప్పు లేకుండా లెక్కపెట్టాడు. మిగిలిన డెక్కులను అర డెక్ తేడాలో అంచనా వేశాడు. బేసిక్ స్ట్రాటజీలో తడబాటు లేదు. కౌంట్ +3కి చేరితే ఇన్సూరెన్స్ (డీలర్‌కు బ్లాక్‌జాక్ ఉందని పెట్టే పక్క బెట్) తీసుకోవాలని, 16 ఉండి డీలర్ దగ్గర పది ఉంటే కౌంట్ సున్నా నుంచి పైకి ఆగిపోవాలని, ఇలాంటి ముఖ్యమైన మార్పులన్నీ తెలుసు. కౌంటింగ్‌లో లోపం లేదని తేలింది. మరి డబ్బు ఎందుకు పోయింది?

అతను రాసుకున్న పుస్తకంలో రోజువారీ లాభనష్టాలు తప్ప ఏమీ లేవు. రోజు రోజుకీ ఒక అంకె, పక్కన కూడిక. దాన్ని గంటలతో భాగించి "గంటకు అర యూనిట్ నష్టం" అని రాసుకున్నాడు. 300 గంటల అనుభవం చెబుతున్న నిజం అదే అని అతని నమ్మకం. మొదట విడదీయాల్సింది ఈ నమ్మకాన్నే.

మొదటి లెక్క

వంద హ్యాండ్లు ఆడితే ఏ కౌంట్ ఎన్నిసార్లు వస్తుంది, అప్పుడు ఎడ్జ్ ఎంత, అతను పెట్టే బెట్ ఎంత, ఈ మూడూ కావాలి. రాబడిని నేరుగా ఫలితాల నుంచి కొలవలేం, వీటి నుంచే కట్టుకోవాలి. అతని టేబుళ్లకు నేను వాడిన ఉజ్జాయింపు ఇది. వందలో 26 హ్యాండ్లు −1 కంటే కింద, సగటు ఎడ్జ్ −1.5 శాతం. 48 హ్యాండ్లు −1కీ +1కీ మధ్య, ఎడ్జ్ −0.4. +1కీ +2కీ మధ్య 13 హ్యాండ్లు, ఎడ్జ్ +0.35. +2 నుంచి +3 వరకు 6.5, ఎడ్జ్ +0.85. +3 నుంచి +4 వరకు 3.5, ఎడ్జ్ +1.35. +4 నుంచి +5 వరకు 1.7, ఎడ్జ్ +1.9. +5 నుంచి పైకి 1.3, ఎడ్జ్ +2.8.

అతను ప్రతి హ్యాండూ ఆడేవాడు. +1 కంటే తక్కువైతే ఒక యూనిట్, ఆ పైన మెట్టు మెట్టుకీ 2, 4, 6, చివరి రెండు మెట్లలో 8 యూనిట్లు పెట్టేవాడు.

ప్రతి వరసలో తరచుదనాన్ని బెట్‌తో, ఎడ్జ్‌తో గుణించి కూడితే వంద హ్యాండ్లకు 0.563 యూనిట్ల రాబడి వచ్చింది. ఇది ప్లస్సే, కౌంటింగ్ పనిచేస్తూనే ఉంది. ఇక ఊగిసలాట, అంటే ఫలితాలు సగటు నుంచి ఎంత దూరం చెదురుతాయన్నది. దాని కొలత వేరియన్స్, వేరియన్స్ వర్గమూలమే స్టాండర్డ్ డీవియేషన్. ఒక యూనిట్ బెట్ పెట్టిన హ్యాండ్‌కు వేరియన్స్ సుమారు 1.32 ఉంటుంది. డబుల్స్, స్ప్లిట్స్, 3కి 2 చెల్లింపు ఉండటం వల్ల అది ఒకటి దాటుతుంది. బెట్ పెరిగితే వేరియన్స్ బెట్ వర్గంతో పెరుగుతుంది. అన్నీ కూడితే వంద హ్యాండ్లకు వేరియన్స్ 723, అంటే స్టాండర్డ్ డీవియేషన్ 26.9 యూనిట్లు.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి అతనికి చూపించాను. పది గంటలు ఆడితే రావాల్సింది నాలుగున్నర యూనిట్లు. ఆ పది గంటల్లో మామూలుగా ఉండే ఊగిసలాట 76 యూనిట్లు. ఒక వారాంతంలో 70 యూనిట్లు పోతే అందులో వింత ఏమీ లేదు.

24,000 హ్యాండ్లకు రావాల్సింది 135. స్టాండర్డ్ డీవియేషన్ 417. అతను −150 దగ్గర ఉన్నాడు. అంటే ఉండాల్సిన చోటు నుంచి 0.68 డీవియేషన్లు కింద. సరిగ్గా ఇలాగే ఆడే నలుగురిలో ఒకరు ఇక్కడో, ఇంకా కిందో ఉంటారు. మోసం జరిగిందని అనడానికి ఈ అంకె ఆధారం కాదు. అలాగని మోసం జరగలేదని రుజువు చేసే శక్తి కూడా దీనికి లేదు.

అతను అడిగిన ప్రశ్న చాలా మంచిది. "మరి ఎన్ని హ్యాండ్లు ఆడితే తెలుస్తుంది?" దీనికి మా వాళ్లు ఎన్-జీరో అనే కొలమానం వాడతారు. మొత్తం రాబడి ఒక స్టాండర్డ్ డీవియేషన్‌తో సమానం కావడానికి ఎన్ని హ్యాండ్లు పడతాయో అది చెబుతుంది. వేరియన్స్‌ను రాబడి వర్గంతో భాగిస్తే వస్తుంది. అతని ఆటకు అది 2,28,000 హ్యాండ్లు. గంటకు 80 చొప్పున 2,850 గంటలు. అంత ఆడాక కూడా ఆరుగురిలో ఒకరు నష్టంలోనే ఉంటారు. అతను మాట్లాడకుండా ఆ కాగితం వైపే చూస్తూ కూర్చున్నాడు.

చివరగా రూయిన్ రిస్క్, అంటే బెట్లు మార్చకుండా ఆడుతూ పోతే ఎప్పటికైనా బ్యాంక్‌రోల్ (ఆట కోసం పక్కన పెట్టిన డబ్బు) మొత్తం పోయే అవకాశం. రాబడిని రెండింతలు చేసి, బ్యాంక్‌రోల్‌తో గుణించి, వేరియన్స్‌తో భాగించాలి. వచ్చిన సంఖ్యను 2.718కి ఘాతంగా వేసి, ఒకటిని దానితో భాగించాలి. 400 యూనిట్లతో మొదలుపెట్టిన రోజునే అతని రూయిన్ రిస్క్ 54 శాతం. ఇప్పుడున్న 250తో 68. గెలిచే ఆటే ఆడుతున్నాడు, కానీ ఆ ఆటలో మొత్తం పోగొట్టుకునే అవకాశమే ఎక్కువ. ఈ రెండూ ఒకేసారి నిజం కాగలవని చాలామంది కౌంటర్లకు తెలియదు.

ప్రయత్నించినవి, కుదరనివి

నా దగ్గరకు రాకముందే అతను ఒక ఉపాయం మొదలుపెట్టాడు. రాబడి తక్కువగా ఉంది కాబట్టి స్ప్రెడ్, అంటే అతి చిన్న బెట్‌కూ అతి పెద్ద బెట్‌కూ మధ్య తేడా, పెంచాలనుకున్నాడు. +3 దగ్గర 8, +4 నుంచి పైకి 16. లెక్క వేస్తే వంద హ్యాండ్లకు రాబడి 0.563 నుంచి 1.207కి పెరిగింది, రెండింతలు. ఎన్-జీరో సగానికి తగ్గింది. 250 యూనిట్లతో రూయిన్ రిస్క్ మాత్రం 69 శాతం, దాదాపు మునుపటిదే. రాబడి రెండింతలై రిస్క్ మారనప్పుడు అభ్యంతరం ఏమిటని వాదించాడు.

ఆ వాదన తేలిగ్గా తోసేయదగ్గది కాదు. సమాధానం కోసం కెల్లీ సూత్రం దగ్గరకు వెళ్లాను. బెల్ ల్యాబ్స్‌లో జాన్ కెల్లీ 1956లో రాసిన ఆలోచన అది. బ్లాక్‌జాక్‌కు దాన్ని అన్వయించినవాడు ఎడ్వర్డ్ థార్ప్. ఎడ్జ్‌ను వేరియన్స్‌తో భాగిస్తే బ్యాంక్‌రోల్‌లో ఎంత భాగం బెట్ పెట్టాలో తెలుస్తుంది. +4 దగ్గర ఎడ్జ్ 1.9 శాతం, 1.32తో భాగిస్తే 1.44 శాతం. 250లో అది 3.6 యూనిట్లు. అతను పెడుతున్నది 16, అంటే కెల్లీ చెప్పినదానికి నాలుగున్నర రెట్లు. కెల్లీకి రెండు రెట్లు దాటితే, ఎడ్జ్ మన వైపు ఉన్నా దీర్ఘకాలంలో డబ్బు పెరగడం మానేసి తరుగుతుంది. రూయిన్ రిస్క్ మారలేదన్నది నిజమే. మారింది ఆ రూయిన్ వచ్చే వేగం. వంద హ్యాండ్ల ఊగిసలాట 27 యూనిట్ల నుంచి 40కి పెరిగింది, బ్యాంక్‌రోల్ అదే. పాత స్ప్రెడ్ కూడా కెల్లీకి రెండు రెట్లు దాటే ఉందని ఇద్దరికీ అప్పుడు అర్థమైంది. జబ్బు స్ప్రెడ్‌లో లేదు, బ్యాంక్‌రోల్‌కు సరిపడనంత పెద్ద యూనిట్‌లో ఉంది.

అయితే యూనిట్ చిన్నది చేద్దాం అనుకున్నాం. ఇంకా తక్కువ మినిమం ఉన్న టేబుళ్లు అతను వెళ్లే చోట్లలోనే ఉన్నాయి. వెళ్లి చూసి వచ్చాడు. అవన్నీ బ్లాక్‌జాక్‌కు 6కి 5 చెల్లించే టేబుళ్లు. పది యూనిట్ల బెట్‌కు 15 రావాల్సింది 12 వస్తుంది. బ్లాక్‌జాక్ సుమారు 21 హ్యాండ్లకు ఒకసారి వస్తుంది కాబట్టి ఈ తేడా ఒక్కటే దాదాపు 1.4 శాతం ఎడ్జ్ తినేస్తుంది. అంటే ట్రూ కౌంట్‌లో దాదాపు మూడు మెట్లు. పైగా కౌంట్ పెరిగేకొద్దీ బ్లాక్‌జాక్‌లు ఎక్కువ వస్తాయి, అక్కడ దెబ్బ ఇంకా పెద్దది. చిన్న టేబుల్ చూడటానికి సురక్షితంగా ఉంటుంది, కానీ అక్కడ రాబడే మైనస్ అయితే బ్యాంక్‌రోల్ ఎంత ఉన్నా చివరికి పోవాల్సిందే.

తర్వాత, కౌంట్ −1 కంటే కిందకు పడితే లేచి వెళ్లిపోవడం. ఆ 26 హ్యాండ్లు అతని రాబడిలో 0.39 యూనిట్లు తింటున్నాయి. అవి తీసేస్తే రాబడి 0.953కి చేరుతుంది, వేరియన్స్ 689కి తగ్గుతుంది. ఎన్-జీరో 76,000. పేలవమైన హ్యాండ్లు ఆడకపోవడం ఇంత పెద్ద తేడా చేస్తుందని చూసి అతను ఆశ్చర్యపోయాడు. కానీ ఆచరణలో ప్రతిసారీ లేవడం కుదరదు. ఖాళీ టేబుల్ దొరకాలి, పదే పదే లేస్తే టేబుళ్లను కనిపెట్టుకుని ఉండే పిట్ బాస్ కళ్లు పడతాయి. సగం సార్లు కుదురుతుందనుకుంటే ఎన్-జీరో 1,23,000 దగ్గర ఆగుతుంది. మంచి మార్పే, కానీ 250 యూనిట్ల బ్యాంక్‌రోల్‌ను కాపాడేంత కాదు.

నా ప్లాన్, నా పొరపాటు

యూనిట్ తగ్గించలేం, బ్యాంక్‌రోల్ చిన్నది. కాబట్టి తక్కువ కౌంట్‌లో అసలు కూర్చోకూడదని తేల్చాను. టేబుల్ వెనక నిలబడి లెక్కపెట్టి, +2 దాటాక కూర్చోవాలి. బ్లాక్‌జాక్ రచయిత స్టాన్‌ఫర్డ్ వాంగ్ పేరు మీదుగా దీనికి వాంగింగ్ అనే పేరు నిలిచింది. వంద రౌండ్లు చూస్తే ఆడేది 13 మాత్రమే. బెట్లు సగం కెల్లీకి దగ్గరగా 1, 1.5, 2, 3 యూనిట్లు.

సగం కెల్లీ ఎందుకంటే, పూర్తి కెల్లీ పెడితే ఎప్పుడో ఒకప్పుడు బ్యాంక్‌రోల్ సగానికి పడిపోయే అవకాశం సగానికి సగం. సగం కెల్లీలో అది ఎనిమిదిలో ఒక వంతు. పెరుగుదల వేగం మాత్రం ముప్పావు వంతు మిగులుతుంది. ఇప్పటికే మూడో వంతుకు పైగా పోగొట్టుకున్న మనిషి మళ్లీ సగం పోతే ప్లాన్‌కు కట్టుబడి ఉండలేడని నా అంచనా. ఇలాంటప్పుడు సూత్రం ఒప్పుకున్న బెట్ కంటే మనిషి తట్టుకోగల బెట్ తక్కువగా ఉంటుంది, ఆ రెండిట్లో చిన్నదే తీసుకోవాలి.

వంద రౌండ్లకు రాబడి 0.30 వచ్చింది. పాతదానిలో సగం కంటే కాస్త ఎక్కువ. స్టాండర్డ్ డీవియేషన్ 6.6, పాతదానిలో నాలుగో వంతు. ఎన్-జీరో 48,000 రౌండ్లు. 250 యూనిట్లతో రూయిన్ రిస్క్ 3.2 శాతం. డాన్ ష్లెసింగర్ తెచ్చిన స్కోర్ అనే కొలమానంలో పాత ఆట 4.4, కొత్తది 20.7. పది వేల బ్యాంక్‌రోల్, 13.5 శాతం రూయిన్ రిస్క్ పెట్టుకుంటే వంద హ్యాండ్లకు ఎంత రాబడి వస్తుందో స్కోర్ చెబుతుంది. వేర్వేరు బ్యాంక్‌రోల్‌లు, వేర్వేరు స్ప్రెడ్‌లు ఉన్న ఆటలను ఒకే తరాజులో పెట్టడానికి ఇంతకంటే మంచి సాధనం నాకు తెలియదు. అదే డబ్బుకు, అదే రిస్క్‌కు కొత్త ఆట దాదాపు ఐదు రెట్లు మెరుగని నమ్మకంగా కాగితం చేతికిచ్చి పంపాను.

ఆరు వారాల తర్వాత ఫోన్ చేశాడు. టేబుల్ మీద ఆరు యూనిట్లు లాభం వచ్చిందట, బ్యాంక్‌రోల్ మాత్రం పది యూనిట్లు తగ్గిందట. ముందు నాకు అర్థం కాలేదు. తర్వాత అడిగాను. "ప్రయాణం ఖర్చు, గది అద్దె, తిండి ఎక్కడి నుంచి తీస్తున్నారు?"

"బ్యాంక్‌రోల్ నుంచే సార్. మొదటి నుంచీ అంతే. ఆట కోసమే కదా ఆ ఖర్చు."

ఈ ప్రశ్న నేను మొదటి రోజే అడగాల్సింది. అడగలేదు. టేబుల్ మీద జరిగే ప్రతిదీ కొలిచాను, టేబుల్‌కు అవతల బ్యాంక్‌రోల్ నుంచి బయటకు వెళ్తున్నదాన్ని చూడలేదు. బిల్లులు తెప్పించి కూడితే ఆడిన గంటకు 0.2 యూనిట్ల ఖర్చు తేలింది. 300 గంటలకు 60 యూనిట్లు. అంటే మొదట్లో పోయిన 150లో 60 టేబుల్ మీద పోలేదు. టేబుల్ మీద నష్టం 90 మాత్రమే, అంటే 0.54 డీవియేషన్లు కింద.

కానీ అసలు దెబ్బ వెనక్కి చూసే లెక్కలో లేదు, ముందుకు చూసే లెక్కలో ఉంది. గంటకు 80 రౌండ్లయితే ఖర్చు వంద రౌండ్లకు 0.25 యూనిట్లు. నా ప్లాన్ రాబడి 0.30. నికరంగా మిగిలేది 0.05. అదే సూత్రంలో ఆ 0.05 వేస్తే రూయిన్ రిస్క్ 3.2 శాతం కాస్తా 56 శాతం అయింది. పైగా టేబుల్ నుంచి టేబుల్‌కు తిరిగే వాంగింగ్‌లో అతను గంటకు 60 రౌండ్లే చూడగలుగుతున్నాడు. ఆ లెక్కన ఖర్చు వంద రౌండ్లకు 0.33. నికర రాబడి సున్నా కంటే కిందకు పోయింది. అక్కడ సూత్రంతో పని లేదు, ఎంత నెమ్మదిగానైనా బ్యాంక్‌రోల్ అడుగంటాల్సిందే. నేను సురక్షితమని ఇచ్చిన ప్లాన్, అతను నడుపుతున్న తీరులో, ఎప్పటికీ గెలవలేని ప్లాన్.

ఇందులో ఒక మెలిక ఉంది. పాత ఆటలో రాబడి 0.563 కాబట్టి అదే ఖర్చు దాన్ని సగానికి మాత్రమే తగ్గించింది. నేను బెట్లు తగ్గించి రిస్క్ తగ్గించానని సంతోషించాను, కానీ ఖర్చు బెట్‌తో పాటు తగ్గదు, గంటలను బట్టి నడుస్తుంది. ఆట చిన్నదయ్యేకొద్దీ అదే ఖర్చు పెద్ద రోగం అవుతుంది. స్కోర్‌లోగానీ ఎన్-జీరోలోగానీ ఇది కనిపించదు. అవి ఆటను కొలుస్తాయి, ఆటగాడి జేబును కొలవవు.

కుదిరినవి

మొదటి నిర్ణయం ఉద్యోగం గురించి. మానేస్తే తిండీ అద్దే కూడా బ్యాంక్‌రోల్ మీదే పడతాయి. గంటకు 0.2 యూనిట్ల ఖర్చే ఆటను ముంచేస్తుంటే, సంసారం మొత్తాన్ని అది మోయడం అయ్యే పని కాదు. ఈ లెక్క అతనే వేసుకున్నాడు, నేను ఒత్తిడి చేయలేదు. ఉద్యోగం ఉంచుకున్నాడు. ప్రయాణ ఖర్చులు జీతం నుంచి కట్టేలా వేరే ఖాతా తెరిచాడు. బ్యాంక్‌రోల్ నుంచి టేబుల్‌కు తప్ప ఎక్కడికీ డబ్బు పోదు. ఆ ఒక్క మార్పుతో 3.2 శాతం అనే అంకె మళ్లీ నిజమైంది. ఖర్చు మాయం కాలేదు, జీతంలో కనిపిస్తూనే ఉంది. ఏడాది చివర రాబడిలోంచి దాన్ని తీసి చూడాలని కూడా రాసుకున్నాం. లేకపోతే ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చి మనల్ని మనమే మభ్యపెట్టుకున్నట్టే.

ఒక్కరోజు కోసం దూరం వెళ్లే ప్రయాణాలు ఆపేశాడు. వెళ్తే మూడు రోజులు, గంటలు ఎక్కువ పడేలా. గంటకు ఖర్చు 0.2 నుంచి 0.12కి దిగింది.

రెండోది లాగ్. లాభనష్టాల పుస్తకం పక్కన పెట్టించి కొత్త వరసలు గీయించాను. ఎన్ని షూలు చూశాడు, ఎక్కడ కట్ కార్డ్ (పంచడం ఆపాల్సిన చోటుకు గుర్తు) పెట్టారు, ప్రతి మెట్టులో ఎన్ని హ్యాండ్లు ఆడాడు, ఎంత బెట్ పెట్టాడు. వీటి నుంచి ఆ రోజు ఆర్జించిన ఈవీ లెక్కకడతాం. ఈవీ అంటే ఆ బెట్లకు సగటున రావాల్సిన రాబడి. వచ్చిన డబ్బు చివరి వరసలో, చిన్న అక్షరాల్లో. డబ్బు నిజం చెప్పడానికి వేల గంటలు పడుతుంది. తరచుదనం చాలా త్వరగా చెబుతుంది. 150 షూల తర్వాత చూస్తే ఒక చోట +2 దాటే రౌండ్లు వందకు 13 రావాల్సింది తొమ్మిదే వస్తున్నాయి. ఒకే షూలో రౌండ్ల కౌంట్ ఒకదానికొకటి అంటుకుని ఉంటుంది, కాబట్టి రౌండ్లను కాకుండా షూలను లెక్కపెట్టి తేడా నిజమేనా అని చూశాం. కారణం దొరికింది. అక్కడ డీలర్లు నాలుగున్నర డెక్కులు కాదు, నాలుగే పంచుతున్నారు. అర డెక్ తేడా కంటికి ఆనదు, పెద్ద కౌంట్లను మాత్రం అదే తినేస్తుంది. ఆ చోటు మానేశాడు. లాభనష్టాల పుస్తకంతో ఈ విషయం పదేళ్లయినా బయటపడేది కాదు.

ఇంకొక చోట షూ మధ్యలో కొత్తవాళ్లను కూర్చోనివ్వరు. అక్కడ వాంగింగ్ కుదరదు కాబట్టి దాన్నీ జాబితాలోంచి తీసేశాం. ఆడగల చోట్లు తగ్గాయి. తగ్గినందుకు నేనేమీ బాధపడలేదు.

మూడోది నాలుగు నెలల తర్వాత వచ్చింది. అతనికి బాగా తెలిసిన ఇంకో కౌంటర్ దగ్గర కూడా 250 యూనిట్లు ఉన్నాయి. ఇద్దరూ డబ్బు కలిపి 500 చేస్తే, ప్రతి ఒక్కరూ 500 బ్యాంక్‌రోల్ ఉన్నట్టే బెట్ పెట్టవచ్చు, వేర్వేరు టేబుళ్ల మీద ఆడితే చాలు. బెట్లు 2, 3, 4, 6 అవుతాయి. ఒక్కొక్కరి రాబడి 0.30 నుంచి 0.60కి పెరుగుతుంది. రూయిన్ రిస్క్ 3.2 దగ్గరే ఉంటుంది. ఇది మొదట నమ్మబుద్ధి కాదు. విడమర్చితే సులువే. ఉమ్మడి రాబడి ఒక్కరి పాత రాబడికి నాలుగు రెట్లు, ఉమ్మడి వేరియన్స్ ఎనిమిది రెట్లు, బ్యాంక్‌రోల్ రెండు రెట్లు. నాలుగును రెండుతో గుణించి ఎనిమిదితో భాగిస్తే ఒకటి. సూత్రంలో ఏమీ కదలదు. ఖర్చు మాత్రం మనిషికి అంతే ఉండిపోతుంది, కాబట్టి నికర రాబడి రెండింతల కంటే ఎక్కువ పెరుగుతుంది. చిన్న ఆటను ముంచిన ఖర్చు సమస్యకు ఇదే అసలైన మందు అయింది.

దానికి నమ్మకం కావాలి, నమ్మకానికి కాగితం కావాలి. రెండో అతనికీ అవే పరీక్షలు పెట్టాను. మొదటిసారి డెక్కుల అంచనాలో తప్పాడు. మూడు వారాలు సాధన చేసి వచ్చాక ఒప్పుకున్నాను. లాగ్‌లు వారానికోసారి మార్చుకుని చూసుకోవాలి. ఉమ్మడి బ్యాంక్ 375కి పడితే బెట్లు నాలుగో వంతు తగ్గించాలి. 500కి తిరిగి వస్తేనే మళ్లీ పెంచాలి. ఎవరైనా విడిపోవాలంటే ఆనాటి బ్యాంక్‌లో సగం. ఇవన్నీ ఆట మొదలయ్యే ముందే రాసుకుని సంతకాలు పెట్టారు. నష్టంలో ఉన్నప్పుడు రాసుకునే నియమాలు నియమాల్లా ఉండవు.

నేను మార్చుకున్నది

ఇప్పుడు నా దగ్గరకు ఎవరు వచ్చినా కౌంట్ టెస్ట్ కంటే ముందు నాలుగు ప్రశ్నలు అడుగుతాను. మీ బ్యాంక్‌రోల్ ఏ ఖాతాలో ఉంది? అందులోంచి ఆటకు కాక దేనికి డబ్బు తీస్తారు? అది మొత్తం పోతే మళ్లీ నింపగలరా, ఎన్నాళ్లలో? గంటకు నిజంగా ఎన్ని రౌండ్లు చూస్తారు? చివరి ప్రశ్నకు అందరూ ఎక్కువ చెబుతారు, అందుకే పది షూలు టైమర్ పెట్టి చూసి రమ్మంటాను. నింపగల బ్యాంక్‌రోల్ ఉన్నవాడికి పది శాతం రూయిన్ రిస్క్ భరించదగినది కావచ్చు. మళ్లీ నింపలేని పొదుపుతో ఆడేవాడికి రెండు శాతం కూడా ఎక్కువే. అంకె ఒకటే అయినా దాని అర్థం మనిషిని బట్టి మారుతుంది. రాబడి, రిస్క్ రెండూ నికర రాబడితోనే లెక్కకడతాను, స్థూల రాబడి అంకెను ఆటగాడికి విడిగా చూపించను కూడా.

ఉమ్మడి బ్యాంక్ మొదలైన పద్నాలుగు నెలల తర్వాత ఇద్దరూ లాగ్‌లు తెచ్చారు. ఇద్దరూ కలిసి చూసిన రౌండ్లు 40,000. లాగ్‌ల ప్రకారం ఆర్జించిన ఈవీ 240 యూనిట్లు, స్టాండర్డ్ డీవియేషన్ 264. నిజంగా వచ్చింది 95. అతను జేబులోంచి పెన్ను తీసి తనే లెక్క వేశాడు. 145 తక్కువ, 264తో భాగిస్తే 0.55 డీవియేషన్లు కింద. తర్వాత తన పాత పుస్తకం మొదటి పేజీ తెరిచి, ఖర్చులు తీసేశాక తేలిన 0.54ను దాని పక్కన రాశాడు. అదృష్టం దాదాపు అదే. అప్పుడు అది అతన్ని 90 నష్టంలో ఉంచింది, ఇప్పుడు ఇద్దరినీ 95 లాభంలో ఉంచింది. తర్వాతి ప్రయాణానికి కట్ కార్డ్ ఎక్కడ పెడుతున్నారో ముందుగా చూసి రావడానికి ఎవరు వెళ్లాలన్నది మాట్లాడుకుంటూ ఇద్దరూ లేచారు.